ఎనిమిది రాత్రులు, ఎనిమిది మాత్రలు

మా మేనత్తకి గుండెలో మైట్రల్ వాల్వు పాడైతే అది తీసేసి లోహపు వాల్వు పెట్టారు. ఆపరేషన్ బాగానే జరిగింది. లోహపు వాల్వు పెడితే దాని మీద రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మందు వాడాలి కాబట్టి వార్ఫరిన్ మొదలుపెట్టారు, అందరికీ రాసినట్టే 5 మిల్లీగ్రాములు, రోజూ రాత్రి ఒక మాత్ర. ఐదో రోజు రక్తపరీక్షలో ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతోందో చెప్పే అంకె, పెరిగేకొద్దీ గడ్డకట్టడం నెమ్మది) 2.4 వచ్చింది. ఆవిడకి అది 2.5కీ 3.5కీ మధ్య ఉండాలి. "దారిలో పడుతోంది, ఇదే డోసు వాడండి" అని ఇంటికి పంపేశారు.

ఎనిమిది మాత్రలు పడ్డాక, తొమ్మిదో రోజు పొద్దున్న పళ్లు తోముకుంటుంటే నోట్లోంచి రక్తం ఆగలేదు. మోచేతి పైన అరచెయ్యంత నల్లటి మచ్చ. ఎక్కడా తగిలించుకున్న గుర్తు కూడా లేదు. పరుగున తీసుకెళితే ఐఎన్‌ఆర్ 6.8.

డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు కాగితం చూసి అడిగిన మొదటి ప్రశ్న: "అమ్మా, మర్చిపోయి రెండేసి మాత్రలు వేసుకుంటున్నారా?" అత్తయ్య మాట్లాడలేదు. సంచిలోంచి మాత్రల అట్ట తీసి ఆయన ముందు పెట్టింది. "లెక్కపెట్టుకోండి బాబూ." పది మాత్రల అట్టలో ఎనిమిది ఖాళీ, రెండు మిగిలున్నాయి. ఎనిమిది రాత్రులు, ఎనిమిది మాత్రలు. ఆయన లెక్కపెట్టాడు కూడా. అయినా ఫైల్లో "డోసు విషయంలో పొరపాటు పడి ఉండవచ్చు" అని రాశాడు. ఆ వాక్యం నాకు ఇప్పటికీ మండుతుంది. ఈ వ్యాసం సగం ఆ మంటతోనే రాస్తున్నాను, ముందే చెప్పేస్తున్నా.

ఎందుకంటే పొరపాటు ఆవిడది కాదు. ఆవిడ లివరుకి ఆ మాత్ర ఎక్కువైంది, అంతే.

వార్ఫరిన్‌ని అందరం "రక్తం పలచన చేసే మాత్ర" అంటాం కానీ అది రక్తాన్ని పలచన చెయ్యదు. రక్తం చిక్కదనం ఎంతుందో అంతే ఉంటుంది. గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్లు కొన్ని లివరులో తయారవుతాయి, వాటిలో నాలుగింటికి (రెండు, ఏడు, తొమ్మిది, పది నంబర్ల ఫ్యాక్టర్లకి) విటమిన్ కె ఉండాలి. ఒకసారి వాడాక విటమిన్ కె ఖర్చయిపోతుంది. దాన్ని మళ్లీ పనికొచ్చేలా చేసే ఎంజైము ఒకటుంది, దాని జన్యువు పేరు వీకేఓఆర్‌సీ1. వార్ఫరిన్ వెళ్లి ఆ ఎంజైముని పట్టుకుంటుంది. విటమిన్ కె తిరిగి తయారవ్వదు, ఫ్యాక్టర్లు సరిగ్గా రావు, గడ్డకట్టడం నెమ్మదిస్తుంది.

ఇప్పుడు కొంతమందికి ఈ జన్యువు ముందుభాగంలో ఒక్క అక్షరం తేడా ఉంటుంది, జి ఉండాల్సిన చోట ఎ. దానివల్ల ఎంజైమే తక్కువ తయారవుతుంది. తక్కువ ఎంజైముని ఆపడానికి తక్కువ మందు చాలు కదా. 2005లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో ఈ జన్యువు తీరునిబట్టి జనాన్ని మూడు గుంపులు చేసి చూస్తే, స్థిరపడ్డ డోసు సగటున రోజుకి ఒక గుంపులో 2.7 మిల్లీగ్రాములు, ఇంకో గుంపులో 4.9, మూడో గుంపులో 6.2. మొదటి గుంపువాళ్లకి "అందరికీ రాసే" 5 మిల్లీగ్రాములంటే దాదాపు రెండింతల డోసన్నమాట. అంటే వాళ్లు మాత్ర ఒక్కటే వేసుకున్నా రెండు వేసుకున్నట్టే. కుర్ర డాక్టరు అనుమానం ఒకరకంగా నిజమే, కాకపోతే రెండో మాత్ర వేసింది అత్తయ్య కాదు.

ఇది ఒక జన్యువు. రెండోది సీవైపీ2సీ9. మందుని విరిచి శరీరంలోంచి బయటికి పంపే ఎంజైము ఇది. చెరువుకి తూములాంటిది అనుకోండి. రోజూ పై నుంచి ఒకే కొలత నీళ్లు వస్తున్నా, తూము సగం పూడిపోయి ఉంటే చెరువు మట్టం పెరుగుతూనే పోతుంది, అదీ నెమ్మదిగా. ఈ జన్యువులో స్టార్2, స్టార్3 అని రెండు రకాల తేడాలు బాగా తెలిసినవి. స్టార్3 ఉన్నవాళ్లకి తూము బాగా ఇరుకు. వాళ్లలో మందు ఒక మట్టానికి వచ్చి నిలబడటానికి మామూలు కంటే చాలా ఎక్కువ రోజులు పడుతుంది. దీనికి తోడు రక్తంలో అప్పటికే తయారై ఉన్న ఫ్యాక్టర్లు అయిపోవడానికి కూడా టైము కావాలి. ఏడో ఫ్యాక్టరు కొన్ని గంటల్లోనే సగానికి పడిపోతుంది, రెండో నంబరు ఫ్యాక్టరుకి మాత్రం రెండున్నర రోజులకి పైనే పడుతుంది. అందుకే ఐదో రోజు వచ్చిన 2.4 అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు. నీళ్లు ఇంకా ఎక్కుతూనే ఉన్నాయి.

కొన్ని నెలల తర్వాత నా పోరు పడలేక ఇంట్లోవాళ్లు జన్యు పరీక్ష చేయించారు. వీకేఓఆర్‌సీ1లో రెండు వైపులా, అంటే అమ్మ నుంచి వచ్చిన కాపీలోనూ నాన్న నుంచి వచ్చిన కాపీలోనూ, ఎ. సీవైపీ2సీ9లో ఒక స్టార్3. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లో వార్ఫరిన్ కరపత్రంలో ఒక పట్టిక చేర్చింది, ఏ జన్యువుల జోడీకి ఎంత డోసు అని. ఈ జోడీ ఎదురుగా ఉన్న డోసు రోజుకి 0.5 నుంచి 2 మిల్లీగ్రాములు. అప్పటికి అత్తయ్య ఎంతలో స్థిరపడిందో తెలుసా? సరిగ్గా 2.

ఆ రిపోర్టు చేతిలో పట్టుకుని నేను ఎగిరి గంతేశాను. చూశారా, సైన్సు ముందే చెప్పేది, ఎవరూ అడగలేదు, అందరికీ ముందే ఈ పరీక్ష చెయ్యాలి, చెయ్యకపోవడం నేరం, అని ఇంట్లో అందరికీ ఉపన్యాసం ఇచ్చాను. అత్తయ్య మాత్రం తన నోట్‌బుక్ తీసింది. రూళ్ల నోట్‌బుక్, తేదీ, ఐఎన్‌ఆర్, ఆ వారం డోసు, హద్దు దాటిన అంకె అయితే ఎర్ర పెన్ను. 6.8 చుట్టూ రెండుసార్లు గీసి ఉంది. అక్కణ్నుంచి కిందికి 4.1, 1.9, 2.2, 3.0, 2.8, 2.9. "నీ రిపోర్టు చెప్పింది ఇందులో ఎప్పుడో ఉందిరా" అంది.

నిజమే. ఉంది. నా వాదన అక్కడే మారడం మొదలైంది.

ఆ తర్వాత కూర్చుని పరిశోధనలు చదివాను. 2013లో ఒకే పత్రికలో రెండు పెద్ద ట్రయల్స్ వచ్చాయి, రెండూ వార్ఫరిన్ డోసుని జన్యువులు చూసి మొదలుపెడితే లాభమా అని. ఐరోపాలో చేసిన ఈయూ-ప్యాక్ట్‌లో 455 మంది ఉన్నారు. జన్యువులు చూసి మొదలుపెట్టినవాళ్లు 67.4 శాతం కాలం సరైన ఐఎన్‌ఆర్‌లో గడిపారు, మిగతావాళ్లు 60.3 శాతం. అంటే లాభమే. అమెరికాలో 1,015 మందితో చేసిన కోయాగ్‌లో ఒక గుంపుకి 45.2, ఇంకో గుంపుకి 45.4. లాభం సున్నా. ఒకే ప్రశ్న, ఒకే ఏడాది, రెండు జవాబులు! తేడా ఎక్కడంటే, ఐరోపాలో జన్యువులు చూడని గుంపుకి అందరికీ ఒకే డోసు పద్ధతిలో ఇచ్చారు. అమెరికాలో జన్యువులు చూడకపోయినా వయసు, బరువు, ఇతర మందులు లెక్కలోకి తీసుకుని జాగ్రత్తగా లెక్కగట్టిన డోసు ఇచ్చారు. అలా జాగ్రత్తగా మొదలుపెట్టి, తరచుగా ఐఎన్‌ఆర్ చూస్తూ ఉంటే జన్యు పరీక్ష అదనంగా చెప్పేది పెద్దగా మిగల్లేదు.

తర్వాత 2017లో గిఫ్ట్ అనే ట్రయల్ వచ్చింది, మోకాలు, తుంటి కీళ్ల మార్పిడి చేయించుకున్న పెద్దవయసు వాళ్లమీద. అందులో జన్యువులు చూసిన గుంపులో 10.8 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వస్తే, చూడనివాళ్లలో 14.7 శాతం. లాభం ఉంది. అయితే ఆ తేడాలో ఎక్కువ భాగం ఐఎన్‌ఆర్ 4 దాటడం తగ్గినందువల్ల వచ్చిందే. అంటే అత్తయ్య తొమ్మిదో రోజులాంటి రోజులు తగ్గాయి. అదేం చిన్న విషయం కాదు, ఆ రోజు మెదడులో రక్తస్రావమై ఉంటే ఈ వ్యాసం ఇంకోలా ఉండేది. పరీక్ష పనికిరాదని నేననను. కానీ ఆ మొదటి కొన్ని వారాలు దాటాక దాని పని అయిపోతుంది, మిగిలిన జీవితమంతా నోట్‌బుక్కే నడుపుతుంది. జన్యువులన్నీ కలిపి చూసినా మనిషికీ మనిషికీ డోసులో ఉండే తేడాలో సుమారు సగం దాకానే వివరించగలవు. మిగతాది వయసు, బరువు, మధ్యలో వచ్చిన జ్వరం, దానికి వేసుకున్న యాంటీబయాటిక్, ఆకుకూరలు ఎంత తిన్నారు, ఇలాంటివి. ఐఎన్‌ఆర్ వీటన్నిటి మొత్తం లెక్క. జన్యువునీ కలుపుకునే లెక్క.

కోయాగ్‌లో ఇంకో సంగతి ఉంది, దాని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. అందులో ఆఫ్రికన్ అమెరికన్లను విడిగా చూస్తే, జన్యువులు చూసి డోసు ఇచ్చినవాళ్ల పరిస్థితి ఇంకా అధ్వాన్నం: 35.2 శాతం, చూడనివాళ్లకి 43.5. జన్యువులు చూస్తే మేలు జరగకపోతే పోయె, కీడు జరగడమేంటి? ఎందుకంటే ఆ లెక్కల సూత్రం ప్రధానంగా యూరప్ సంతతివాళ్లలో కనబడే స్టార్2, స్టార్3 చుట్టూ అల్లింది. ఆఫ్రికా సంతతివాళ్లలో ఎక్కువగా కనబడేవి స్టార్5, స్టార్6, స్టార్8, స్టార్11. పరీక్ష వాటికోసం వెతకలేదు. వెతకలేదు కాబట్టి కనబడలేదు, కనబడలేదు కాబట్టి "మామూలే" అని డోసు ఎక్కువ రాసింది. నాకైతే ఆ కుర్ర డాక్టరు గుర్తొచ్చాడు. తన పుస్తకంలో లేనిది రోగి శరీరంలో ఉండదనుకోవడం.

"ఆసియావాళ్లకి తక్కువ డోసు చాలు" అనే మాట కూడా ఇలాంటిదే, చాలాచోట్ల కనబడుతుంది. వీకేఓఆర్‌సీ1లో ఆ ఎ అక్షరం చైనా, జపాన్ వైపు పదింట తొమ్మిది పాళ్లు ఉంటుంది, నిజమే. దక్షిణాసియాకి వచ్చేసరికి అది తక్కువమందిలోనే. అత్తయ్యకి రెండు వైపులా అదే ఉండటం మనవాళ్లలో అరుదు. రెండూ ఆసియానే! ఫారంలో ఒక గడిలో టిక్కు పెట్టి డోసు నిర్ణయించేవాళ్లు పరీక్ష చెయ్యకుండానే జన్యువు చదివేశామనుకుంటున్నారు.

పక్కదారే గానీ చెప్పకుండా ఉండలేను. వార్ఫరిన్ మొదట ఎలుకల మందు, 1948లో. మనుషులకి వాడటానికి అనుమతి వచ్చింది 1954లో. 1958కల్లా స్కాట్లాండులో ఎలుకలు ఆ మందు తిని కూడా చావకుండా తిరగడం మొదలైంది. 1964లో ఒక అమెరికన్ కుటుంబంలో వంశపారంపర్యంగా వార్ఫరిన్ పనిచెయ్యడం లేదని డాక్టర్లు రాశారు. ఎలుకల మొండితనానికీ ఆ కుటుంబంలో కనబడిన లాంటి మొండితనానికీ వెనక ఒకే జన్యువు ఉండొచ్చని తేలడానికి 2004 దాకా పట్టింది, వీకేఓఆర్‌సీ1 దొరికింది అప్పుడే. మందుకి మనిషి మనిషికీ ఒక లెక్క ఉంటుందని ఎలుకలు మనకంటే ముందు చెప్పాయి. వాటినెవరూ రెండు మాత్రలు వేసుకున్నావా అని అడగలేదనుకోండి.

సరే, అసలు సంగతికొస్తాను. నేను ఇదంతా చదువుతున్న రోజుల్లోనే మా నాన్నకి గుండెనొప్పి వచ్చి స్టెంట్ వేశారు. అత్తయ్యకి తమ్ముడాయన. ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ రాశారు. ఇదీ "రక్తం పలచన" మందే అంటారు, కానీ పనిచేసే తీరు వేరు. ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తుంది. వార్ఫరిన్ మింగగానే అది మందే. క్లోపిడోగ్రెల్ మింగినప్పుడు ఇంకా మందు కాదు, ముడిసరుకు. లోపలికెళ్లాక దాదాపు 85 శాతం వృథాగా పోతుంది. మిగిలిన కొంచెం లివరులో రెండు అంచెల్లో మారితే అప్పుడు మందవుతుంది. ఆ మార్చే పనిలో ముఖ్యమైనది సీవైపీ2సీ19 అనే ఎంజైము. (ఇందాకటి సీవైపీ2సీ9కి పక్కింటిదే, రెండూ పదో క్రోమోజోము మీదే.) ఈ జన్యువులో కూడా స్టార్2, స్టార్3 అనే తేడాలున్నాయి, ఇవి ఉంటే ఎంజైము పనిచెయ్యదు. అప్పుడు మనిషి రోజూ ఠంచనుగా మాత్ర మింగుతుంటాడు, లోపల మందు సరిగ్గా తయారవ్వదు.

వార్ఫరిన్ ఎక్కువైతే చిగుళ్లు చెబుతాయి, చేతిమీద మచ్చ చెబుతుంది, అంతకంటే ముందే ఐఎన్‌ఆర్ చెబుతుంది. క్లోపిడోగ్రెల్ పనిచెయ్యకపోతే ఎవరు చెబుతారు? ఎవరూ చెప్పరు. స్టెంటులో గడ్డ పడి మళ్లీ నొప్పి వచ్చేదాకా ఏ తేడా తెలియదు. ప్లేట్‌లెట్లు ఎంత మొద్దుబారాయో కొలిచే పరీక్షలు లేకపోలేదు. వాటి ప్రకారం మందు మార్చి చూసిన ట్రయల్స్ 2011లో ఒకటి, 2012లో ఒకటి వచ్చాయి, రోగులకి లాభం కనబడలేదు. కాబట్టి నాన్న దగ్గర రాసుకోవడానికి నోట్‌బుక్కే లేదు.

ఇదీ నా వాదన. జన్యు పరీక్ష చుట్టూ ఇరవయ్యేళ్ల గొడవంతా వార్ఫరిన్ గురించి నడిచింది, అంటే ఇప్పటికే చక్కటి కొలబద్ద ఉన్న మందు గురించి. కొలబద్దే లేని మందు దగ్గర, తప్పు జరిగితే చప్పుడు చెయ్యని మందు దగ్గర, ఆ పరీక్ష పది రెట్లు అవసరం. మనం తలుపు ఉన్న ఇంటికి రెండో తాళం వేసి, తలుపే లేని ఇంటిని వదిలేశాం.

ఇక్కడ కూడా సాక్ష్యం పూర్తిగా ఒకవైపే లేదు, అది దాచను. 2020లో టైలర్-పీసీఐ అనే ట్రయల్ 5,302 మందితో చేశారు. సీవైపీ2సీ19లో లోపమున్నవాళ్లలో, జన్యువు చూసి మందు మార్చిన గుంపులో 4.0 శాతం మందికి, మార్చని గుంపులో 5.9 శాతం మందికి పెద్ద సమస్యలు వచ్చాయి. గణాంకాల హద్దుని వెంట్రుకవాసిలో అందుకోలేకపోయింది, అందుకని "తేలలేదు" అన్నారు. కానీ మరుసటి ఏడాది చైనాలో ఛాన్స్-2 వచ్చింది. చిన్న పక్షవాతం వచ్చి, ఈ జన్యులోపం ఉన్న 6,412 మందిని తీసుకుని, సగంమందికి క్లోపిడోగ్రెల్, సగంమందికి ఆ ఎంజైముతో పనిలేని టికాగ్రెలార్ ఇచ్చారు. మూడు నెలల్లో మళ్లీ పక్షవాతం వచ్చింది 7.6 శాతానికీ 6.0 శాతానికీ. ఇది తేలింది. 2024లో బ్రిటన్‌లో ఏ చికిత్స వాడాలో సూచించే నైస్ సంస్థ పక్షవాతం తర్వాత క్లోపిడోగ్రెల్ రాసే ముందు ఈ జన్యు పరీక్ష చెయ్యమని సిఫారసు చేసింది.

ఎఫ్‌డీఏ అయితే ఈ జన్యులోపం ఉన్నవాళ్లకి క్లోపిడోగ్రెల్ సరిగ్గా పనిచెయ్యకపోవచ్చని 2010లోనే ఈ మందు మీద నల్లగడి హెచ్చరిక (కరపత్రంలో అన్నిటికంటే గట్టి హెచ్చరిక) పెట్టించింది. అమెరికాలోని హవాయి రాష్ట్రం, తమ ప్రజల్లో ఈ లోపం ఎక్కువమందిలో ఉందని తెలిసీ చెప్పలేదని తయారీ కంపెనీల మీద కేసు వేసింది. మొదట వేసిన జరిమానాని పై కోర్టు పక్కనపెట్టి మళ్లీ విచారించమంటే, 2024లో 91.6 కోట్ల డాలర్లు వేశారు. దక్షిణాసియా సంగతి? వీకేఓఆర్‌సీ1 విషయంలో చైనా, జపాన్‌లతో పోలిక లేకపోయినా ఇక్కడ మాత్రం మనం వెనకబడలేదు. బ్రిటన్‌లో ఉంటున్న దక్షిణాసియావాళ్ల మీద చేసిన పెద్ద అధ్యయనంలో సగానికి పైగా మందిలో కనీసం ఒక లోపమున్న కాపీ ఉంది. ఒకటుంటే మందు తక్కువ తయారవుతుంది, రెండుంటే దాదాపు తయారవ్వదు.

నాన్న డాక్టరుని అడిగాను. పెద్దాయన, విసుక్కోలేదు. "చేయిస్తే చేయించండి, కానీ రిపోర్టు వచ్చాక మనం ఏం మారుస్తామో ముందు అనుకుందాం" అన్నారు. నాకు నచ్చింది ఆ మాట. టికాగ్రెలార్‌కి మారిస్తే రక్తస్రావం ప్రమాదం కాస్త పెరుగుతుంది, రోజుకి రెండుసార్లు వేసుకోవాలి, కొందరికి ఆయాసం వస్తుంది. నాన్న అప్పటికే ఎసిడిటీకి ఒమెప్రజోల్ వాడుతున్నారు, అదీ ఇదే ఎంజైముని అడ్డుకుంటుంది. లోపం లేకపోతే ఆ ఒక్క మాత్ర మారుస్తాం, ఉంటే అసలు మందే మారుస్తాం, అని ఇద్దరం ఒక మాట అనుకున్నాకే శాంపిల్ ఇచ్చాం.

రిపోర్టులో స్టార్2 ఒక కాపీ ఉంది. నిన్నమొన్నటిదాకా మింగిన మాత్రల్లో ఎంత పనిచేసిందో మాకు ఎప్పటికీ తెలియదు. మందు మార్చారు.

మొదటి వారం నాన్నకి మెట్లెక్కితే ఆయాసం వచ్చింది, తర్వాత సర్దుకుంది. గడ్డం గీసుకున్నప్పుడు తెగితే రక్తం ఆగడానికి టైము పడుతోందని గొణుగుతుంటారు. మొన్న అత్తయ్య వచ్చినప్పుడు కొత్త రూళ్ల నోట్‌బుక్ ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"నాకు రాసుకోడానికి అంకెలేం ఉండవక్కా" అన్నారు నాన్న.

"వేసుకున్న టైమన్నా రాసుకోరా. రేపెవరైనా అడిగితే చూపించొచ్చు."